గీతకి గీత కలిపితే

క్లాసులో అందరికంటే పెద్దదాన్ని నేనే. లెక్చరర్లు కూడా చాలామంది నాకంటే చిన్నవాళ్ళే. పద్దులు రాసే ఉద్యోగం మానేసి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరతానన్నప్పుడు తెలిసినవాళ్ళంతా నన్ను లెక్కల పేరు చెప్పి భయపెట్టారు. "ఇంటిగ్రేషన్ గుర్తుందా? మాట్రిసెస్ గుర్తున్నాయా?" అని. గుర్తు లేని మాట నిజమే గానీ, పుస్తకం తెరిచి కూర్చుంటే అవి మెల్లగా వస్తాయి. వయసు గురించి మాత్రం ఒక్కరూ హెచ్చరించలేదు. మోకాళ్ళ సంగతి కాదు నేననేది. నలభై దాటిన మనిషి ఒక గదిలో ఉంటే, అక్కడ జరిగే ప్రతిదానికీ ఆ మనిషిదే బాధ్యత అని లోకం అనుకుంటుంది. ప్రొజెక్టర్ పనిచెయ్యకపోతే నావైపు చూస్తారు. క్లాసు రద్దయిందని పుకారొస్తే "నిజమేనా మేడమ్?" అని నన్నడుగుతారు. నాకేం తెలుసు? నేనూ అదే బెంచీ మీద కూర్చుని, బోర్డు చెరిపేసేలోపు సగం రాసుకుని, మిగతా సగం కోసం పక్కపిల్ల నోట్సులోకి తొంగి చూస్తున్నదాన్నే.

పిలుపు దగ్గర కూడా మొదట్లో కొంత గొడవ నడిచింది. కొందరు ఆంటీ అన్నారు. వినపడనట్టు ఊరుకున్నాను. కొందరు అక్కా అన్నారు. వాళ్ళకి అసైన్‌మెంట్లు చూపించాను. చివరికి మేడమ్ దగ్గర రాజీ కుదిరింది. అదెంత నష్టపు బేరమో తర్వాత గాని అర్థం కాలేదు. మేడమ్ అని పిలిపించుకున్నాక "నాకు తెలీదు" అనే హక్కు పోతుంది.

ఇక చదువు సంగతి. ఒక్క అంకె తేడా వస్తే అది దొరికేదాకా ఇంటికి వెళ్ళని ఉద్యోగం నాది. ఇక్కడ చేరగానే మెకానిక్స్ సార్, "భూమ్యాకర్షణ లెక్కల్లో వాడే జీ విలువ 9.81, మనం 10 వేసుకుందాం" అన్నారు. వేసుకుందామట! దాదాపు రెండు శాతం తేడా. అంత తేడాతో నేను బ్యాలెన్స్ షీటు పెట్టి ఉంటే, ఆ సాయంత్రానికి ఆడిటర్లు నా కుర్చీ చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళు. ఆయనే మళ్ళీ, ఇచ్చిన కొలతల్లో మూడంకెలే ఉంటే జవాబులోనూ మూడంకెలే రాయాలని, ఎక్కువ రాస్తే మార్కులు కోస్తానని అన్నారు. కాల్‌క్యులేటర్ పదంకెలు చూపిస్తుంటే ఏడు పారెయ్యాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. పోనీ అంత జాగ్రత్తగా తేల్చిన లెక్కని చివర్లో ఏం చేస్తారు? దేనికైనా మంచిదని రెండుతో గుణిస్తారు. దాని పేరు ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ. నేను వచ్చిన రంగంలో ఆ పనికి వేరే పేరుంది, శిక్ష కూడా ఉంది.

స్టాటిక్స్ మాత్రం పుట్టింటికి వెళ్ళినట్టుంది. పైకి తోసే బలాలు, కిందికి లాగే బలాలు అన్నీ కలిపితే సున్నా రావాలి. రాలేదంటే ఎక్కడో ఒక ఎంట్రీ జారిపోయింది. పైగా బలం ఎటు లాగుతోందో తెలియకపోతే ఏదో ఒక వైపు అనుకోవచ్చు. జవాబు మైనస్ వస్తే రెండో వైపని అర్థం. మైనస్ వచ్చినా ఎవరూ కేకలెయ్యని వృత్తి ఉంటుందని నేనెప్పుడూ ఊహించలేదు.

యూనిట్ల పాఠంలో సార్ 1999లో పోయిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక కథ చెప్పారు. ఒక బృందం థ్రస్టర్ల లెక్కని పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది. దాన్ని వాడుకున్న బృందం అవి న్యూటన్ సెకన్లే అనుకుంది. రెండింటికీ 4.45 రెట్లు తేడా. నౌక అంగారకుడికి మరీ దగ్గరగా వెళ్ళి నాశనమైంది. పిల్లలంతా అయ్యో అన్నారు. నేను ఉండబట్టలేక, "రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి ఎవరూ టిక్కులు కొట్టలేదా సార్?" అని అడిగాను. ఆయన కాసేపు బోర్డు వైపు చూసి, "అదే కదా మేడమ్" అన్నారు. చూశారా, ఆయన కూడా మేడమే.

ల్యాబులో నా జోడీ పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. చురుకైనవాడు, ఆ చురుకే వాడి ఇబ్బంది. ఆ రోజు ప్రయోగం హాఫ్ వేవ్ రెక్టిఫైయర్. ట్రాన్స్‌ఫార్మర్ పన్నెండు వోల్టులిస్తుంది, దాన్ని కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్‌లోంచి పంపి, ఛార్జిని దాచిపెట్టే కెపాసిటర్ పెట్టి, డీసీగా మార్చాలి. బయటికొచ్చేది దాదాపు పదహారు వోల్టులని మాన్యువల్‌లో ఉంది. పన్నెండిచ్చి పదహారు తీసుకోవడం! అదీ దారిలో డయోడ్ తన 0.7 కమిషన్ కొట్టేశాక. నాకు చెమటలు పట్టాయి. ఆ పన్నెండు ఒక రకం సగటేనని, అసలు శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే పదిహేడు దాకా ఉంటుందని వాడే నాకు వివరించాడు. ఇలాంటి వివరణలు నేను ఉద్యోగంలో చాలా విన్నాను. నమ్మడం ఇదే మొదటిసారి.

పనుల పంపకం మాకు ముందే అయిపోయింది. తీగలు వాడివి, రికార్డు నాది. నా చేతిరాత బాగుంటుంది. పైగా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు రంధ్రాలు కనబడాలంటే నాకు చదువుకునే కళ్ళద్దాలు కావాలి, వాటిమీద సేఫ్టీ గాగుల్స్ పెట్టాలి. రెండూ కలిపి పెట్టుకుంటే మనిషికి భద్రతే తప్ప చూపు ఉండదు.

డయోడ్ అంటే చిన్న నల్లటి ముక్క, ఒక కొసన వెండిరంగు గీత. కెపాసిటర్ అంటే బుల్లి డబ్బా, దానికీ ఒక పక్కన గీత. గీతలున్న రెండు వస్తువులు చేతికిస్తే ఎవరైనా ఏం చేస్తారు? గీతకి గీత కలుపుతారు. వాడూ కలిపాడు. నిజానికి ఆ రెండు గీతలూ ఒకే మాట చెప్పవు, తిరకాసు అక్కడే ఉంది. డయోడ్‌కి గీత ఉన్నది కాథోడ్ వైపు. కరెంటు బయటికొచ్చేది ఆ కొస నుంచే కాబట్టి ఈ సర్క్యూట్‌కి అది ప్లస్. కెపాసిటర్ గీత మాత్రం దాని మైనస్ కాలు. ఒకే గుర్తు పెట్టుకున్న ఇద్దరిని ఒకచోట చేర్చకూడదని ఇంత స్పష్టంగా నిరూపించే ప్రయోగం ఇంకోటి లేదు.

స్విచ్ వేశాం. మల్టీమీటర్‌లో రావాల్సిన పదహారు రాలేదు. వాడు మీటర్ని తట్టాడు. ఈలోగా కెపాసిటర్ తన పని తాను చేసుకుపోతోంది. లోపలి అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. తిరగేసి కరెంటిస్తే ఆ పొర పాడైపోయి, లోపలంతా వేడెక్కి, గ్యాస్ పుడుతుంది. అందుకే డబ్బా నెత్తిమీద తయారీలోనే గాట్లు పెట్టేస్తారు, పగిలితే అక్కడే పద్ధతిగా పగలమని. మనమీద వాళ్ళకి అంత నమ్మకం. మాది పద్ధతిగానే పగిలింది. 'ఠప్'మని ఒక్క చప్పుడు, కాస్త పొగ, ముక్కు పట్టుకునే వాసన, తడి కాగితం పీలికలు కొన్ని నా రికార్డు మీద.

గదిలో తలలన్నీ నావైపు తిరిగాయి. తీగ ఇంకా వాడి చేతిలోనే ఉంది. ఒక్కరంటే ఒక్కరు వాడి వైపు చూడలేదు.

ల్యాబ్ ఇన్‌ఛార్జి గారు పరుగున వచ్చారు. "ఏంటి మేడమ్, మీరు పక్కనుండి కూడా..." అన్నారు. పక్కనుండి ఏం చెయ్యను? నేనూ ఫస్టియరే! ఆ మాట అనేలోపే మావాడు తల దించుకుని "సారీ మేడమ్" అన్నాడు, నాకు! ఆ కెపాసిటర్ మా ఇంట్లోంచి తెచ్చినట్టు.

పగిలిన సామాను రాసే రిజిస్టర్ తెచ్చి నా ముందే పెట్టారు. సంతకం కూడా నాదేనట. ఎవరో చేసిన పనికి కింద సంతకం పెట్టడం నాకు కొత్తేమీ కాదు, కానీ చదవకుండా పెట్టే అలవాటు లేదు. పేజీ తిప్పాను. పాత పేజీ చివర కెపాసిటర్ల నిల్వ 68. కొత్త పేజీ మొదట్లో 86.

"సార్, మీకు పద్దెనిమిది తక్కువొస్తున్నాయా?" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "మీకెలా తెలుసు? పిల్లలెవరో పట్టుకుపోతున్నారని ఏడాదిగా చూస్తున్నాను మేడమ్. అల్మరాకి తాళం కూడా మార్చాను."

పద్దుల్లో తేడా తొమ్మిదితో భాగించబడితే ముందుగా అంకెలు తారుమారయ్యాయేమో చూడమంటారు. మా వృత్తిలో ఇది ఓనమాలు. పక్కపక్కన వేలు పెట్టి చూపించాను. ఆయన రెండు పేజీలనూ నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి, "మీ కెపాసిటర్ సంగతి వదిలెయ్యండి" అన్నారు. తర్వాత అల్మరా తెరిచి రెసిస్టర్ల రిజిస్టర్ తీశారు. దాని కింద డయోడ్లది. దాని కింద ఫ్యూజులది, అట్ట ఊడిపోయి దారంతో కట్టినది.

కుర్చీ కూడా ఆయనే లాగి వేశారు.

కాసేపటికి మావాడు కొత్త కెపాసిటర్ని సరైన వైపు పెట్టి, నాలుగడుగులు దూరం జరిగి స్విచ్ వేశాడు. "మేడమ్! పదహారు పాయింట్ మూడు! రాసుకోండి!" అని అరిచాడు.

"నేను ఫ్యూజుల్లో ఉన్నాను, నువ్వే రాసుకో నాయనా" అన్నాను.