అల్లుడుగారింట్లో మాకు జరిగిన అమర్యాద

కడప జిల్లాకు సముద్రం లేదని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. సముద్రం లేకపోవచ్చు గానీ సముద్రంతో చుట్టరికం ఉంది. అదీ అలాంటిలాంటిది కాదు, పిల్లనిచ్చిన చుట్టరికం. నందికొండల్లో పుట్టిన పెన్నను అనంతపురం వాళ్లు కొన్నాళ్లు ఎత్తుకున్న మాట నిజమే, కానీ పెంచి పెద్ద చేసింది మేమే. గండికోట దగ్గర కొండను నిలువునా కోసి దారి చేసుకున్నప్పుడే తెలిసింది, పిల్ల ఒకరి మాట వినే రకం కాదని. మొత్తం 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు దాటాక ఊటుకూరు దగ్గర సముద్రుడి చెయ్యి పట్టుకుంది. మైలవరంలో ఒకసారి, సోమశిలలో ఒకసారి గేట్లు వేసి పిల్లను ఆపేస్తున్నారు, అది వేరే పంచాయితీ. నదులకు మొగుడు సముద్రుడని పురాణాలే చెప్తున్నాయి కాబట్టి, బంగాళాఖాతం మా ఇంటి అల్లుడు. ఇందులో వాదనకేమీ లేదు.

అలాంటి అల్లుడి ఇంటికి సంక్రాంతి సెలవుల్లో పదకొండు మందిమి బండి కట్టుకుని వెళ్తే జరిగిన మర్యాద గురించి ఈ వ్యాసం.

వెళ్లింది నెల్లూరు దగ్గరి మైపాడు తీరానికి. ఊరికే నీళ్లలో తడిసి రావడానికి కాదు. సముద్ర జీవులను వాటి ఇళ్లలో చూసి రావాలని మా చిన్నాయన ఆలోచన. ఆయన ఆరు నెలలుగా ఫోన్‌లో డాల్ఫిన్ల వీడియోలు చూస్తున్నారు. వాటిలో డాల్ఫిన్లు వరసగా ఎగురుతాయి, నవ్వుతాయి, పడవ పక్కనే ఈదుతాయి. కాబట్టి పొద్దున డాల్ఫిన్లు, భోజనాలయ్యాక చిన్న కునుకు, రాత్రి తాబేళ్లు అని కార్యక్రమం ఖరారైంది. వీలుంటే తిమింగలం. కారం దోసెలు, చిత్రాన్నం, పండక్కి మిగిలిన అరిసెలు బుట్టల్లో సర్దుకుని తెల్లారక ముందే బయల్దేరాం.

మేం ఒడ్డున నిలబడ్డాం. సముద్రం అవతల నిలబడింది. గంట గడిచింది. ఎవరూ రాలేదు.

వల బాగుచేసుకుంటున్న ఒకాయన దగ్గరికి పోయి చిన్నాయన అడిగారు, "ఏమన్నా, డాల్ఫిన్లు ఎన్నింటికొస్తాయి?" అని. ఆయన తలెత్తకుండానే, "అవి టైం చెప్పి రావు సార్" అన్నాడు. ఇదీ అక్కడి పద్ధతి. మా ఊళ్లో చెప్పకుండా వచ్చిన చుట్టానికి కూడా పది నిమిషాల్లో చెంబుతో నీళ్లిచ్చి కూర్చోబెడతాం. డాల్ఫిన్ చేప కూడా కాదు, మన మాదిరే గాలి పీల్చి బతికే జంతువు. ఊపిరి కోసం ఎలాగూ నీళ్ల పైకి రాక తప్పదు. ఆ వచ్చేదేదో మా ముందుకొచ్చి పీల్చుకుంటే ఏం పోయింది? పదకొండు మందిమి, నాలుగు గంటల ప్రయాణం. ఒక్క ఊపిరి అడిగాం.

అంతలో దూరంగా నల్లగా ఏదో తేలింది. చిన్నాయన కేకేశారు. పిల్లలు ఈలలేశారు, మా బావ స్పీకర్‌లో పాట పెట్టాడు, అది భయపడకుండా ఉంటుందని. ఇరవై నిమిషాల వీడియో తీశాక తేలిందేమిటంటే, అది వలకు కట్టిన ప్లాస్టిక్ డబ్బా. ఆ వీడియో చిన్నాయన ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. బంధువులకు డాల్ఫిన్ అనే చూపిస్తున్నారు. ఎవరూ కాదనలేదు.

తాబేళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట, అదీ చీకట్లోనే వస్తాయి. ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గుంత తవ్వి, వంద గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతాయి. నెలన్నర, రెండు నెలల తర్వాత పిల్లలు వాటంతట అవే బయటికొచ్చి, ఎటు వెలుతురుంటే అటే సముద్రమనుకుని నడుస్తాయి. గుంత వెచ్చగా ఉంటే ఎక్కువ ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువ మగపిల్లలు. (మా కడప మే నెల ఇసుకలో పెడితే ఆడా కాదు మగా కాదు, ఆమ్లెట్లే.) ఇంత చదువుకుని పోయాం మేం. పాపం చీకట్లో కాలు జారి పడతాయేమోనని బండి హెడ్‌లైట్లు సముద్రం వైపు తిప్పి వేశాం. ఇంకా చాలదని ఆరు ఫోన్ల టార్చిలు. పిన్ని స్టవ్ వెలిగించి టీ కూడా పెట్టింది. ఒక్కటి రాలేదు. వెలుతురు చూస్తే తల్లి తాబేలు ఒడ్డెక్కకుండా వెనక్కి పోతుందని తర్వాత ఎవరో చెప్పారు. వెలుతురంటే ఇష్టం లేనివాళ్లు పిల్లలకు మాత్రం వెలుతురు వైపు నడవమని ఎందుకు నేర్పాలి? పెంపకం అంటే ఇదేనా?

చెప్పిన టైంకి దొరికిన తాబేలు ఒక్కటే. మర్నాడు పదకొండు గంటలకు, మంచి ఎండలో, ఫోటోకి అనువుగా, కదలకుండా ఉంది. వీపు మీద మట్టిరంగు ఆకుపచ్చ చిప్ప, దాని అంచున రెండు గవ్వలు అతుక్కుని ఉన్నాయి. మెడ ఉబ్బింది. కళ్ల చోట ఈగలు. పిల్లలు సెల్ఫీకి దగ్గరికి పోయి వాసనకు వెనక్కొచ్చారు. వల బాగుచేసే ఆయన్ని మళ్లీ అడిగితే, ట్రాలర్ వలలో పడి ఉంటుందన్నాడు. తాబేలు కూడా గాలి పీల్చేదే. వల నీళ్ల అడుగున గంటలకొద్దీ లాగుతుంటే పైకి రాలేక ఊపిరాడక పోతుంది. తప్పించుకోవడానికి వలకు ఒక దారి పెట్టొచ్చు, టెడ్ అంటారు. దాంట్లోంచి చేపలు కూడా పోతాయని దాన్ని పెట్టుకునేవాళ్లు తక్కువ.

ఇక్కడ కూడా తప్పు తాబేలుదే అని నా అభిప్రాయం. ప్రభుత్వం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపేస్తుంది. చేపలు పిల్లల్ని పెట్టుకోవడానికి. ఆ రెండు నెలలు సముద్రం ఖాళీ. ఈ తాబేళ్లేమో జనవరిలో దిగి, వలల మధ్యలోంచి నడిచి, మార్చికల్లా పని ముగించుకుంటాయి. కోట్ల ఏళ్లుగా భూమ్మీదున్న జాతి, క్యాలెండర్ చూసుకోవడం రాకపోతే ఎలా? 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో చోటిచ్చారు. అక్కడితో ఆగకుండా ఒక క్యాలెండర్ కూడా ఇచ్చుండాల్సింది.

మధ్యాహ్నం చేపల పులుసు మాత్రం అద్భుతంగా ఉంది. సముద్ర జీవులను అంత దగ్గరగా చూసింది ఆ పూటే.

నిజం చెప్పాలంటే ఆ రెండు రోజుల్లో ఏదో ఒకటి చూసింది మా అవ్వ ఒక్కతే. మోకాళ్ల నొప్పులని ఆమెను చాప వేసి ఒకచోట కూర్చోబెట్టి మేమంతా డాల్ఫిన్ల వేటలో పడ్డాం. చాపకు మూరెడు దూరంలో ఒక బొక్క ఉంది. అందులోంచి ఇసుకరంగు పీత ఒకటి కళ్లు రెండూ పుల్లల మాదిరి నిలబెట్టుకుని బయటికొచ్చింది. చంకలో పట్టినంత ఇసుక తెచ్చి విసిరికొట్టింది. ఒక క్షణం అవ్వను చూసింది, అవ్వ దాన్ని చూసింది. మళ్లీ లోపలికి. మళ్లీ ఒక చంకెడు ఇసుక. కిందికి పోయేకొద్దీ ఇసుక రంగు మారింది. ముందు తెల్లగా, తర్వాత ముదురుగా, చివరికి తడితడిగా. మేం భోజనాలకు వచ్చేసరికి అవ్వ లెక్క చెప్పింది.

"ఆ ఎండ్రకాయ బాయి తవ్వుతాండాది రా. మూడడుగులకే నీళ్లు పడినాయి."

ఆ పీత మొప్పలు తడిగా ఉంటేనే బతుకుతుంది, అందుకే తడి తగిలేదాకా తవ్వుతుంది. ఈ సంగతి నేను వివరించబోయాను. అవ్వ వినలేదు. ఆమె మొగుడు, అంటే మా తాత, మా చేనులో ఐదు బోర్లు వేయించి, ఐదూ ఎండిపోతే ఎద్దుల్ని అమ్మినవాడు.

తిరుగు ప్రయాణం రాత్రి. బద్వేలు దాటి సిద్దవటం వైపు దారి లంకమల అడవుల పక్కగా పోతుంది. కలివికోడి అని ఒక పిట్ట, ప్రపంచంలో దాని ఇల్లు ఈ చుట్టుపక్కల ముళ్లపొదల్లోనే. అంతరించిపోయిందనుకున్న ఎనభై ఏళ్లకు పైగా తర్వాత 1986లో మా జిల్లాలోనే మళ్లీ దొరికింది. రాత్రిపూటే తిరుగుతుంది, చప్పుడంటే దానికి పడదు. ఆ దారిలో చూడ్డానికేమీ లేదు కాబట్టి పాటలు గట్టిగా పెట్టుకున్నాం, డ్రైవర్ నిద్రపోకూడదని. చిన్నాయన ఒకసారి లేచి, "యాడికొచ్చినాం?" అన్నారు. "ఏం లేదు చిన్నాయనా, అడవి. పడుకో" అన్నాను.

అవ్వ మాత్రం మెలకువగానే ఉంది. కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ, చాలాసేపటికి అన్నది:

"ఆ ఎండ్రకాయను పట్టుకొచ్చింటే బాగుండు రా. కొబ్బరికాయ పట్టేవాని కంటే పాయింటు బాగా చూపిచ్చుండు."