గబ్బిలాల చెట్టు కొట్టేస్తే నిపా రాదా?

కేరళలో నిపా వైరస్ అన్న వార్త రాగానే మా బెంగళూరు రామమూర్తి నగర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ తిరగడం మొదలవుతుంది. "గబ్బిలాలుంటే నిపా వచ్చినట్టే. రుజువుల కోసం ఆగొద్దు, ముందుజాగ్రత్త సూత్రం అంటే అదే. టపాసులు కాల్చి తరమండి, చెట్టు కొట్టించండి. అవి చట్టప్రకారం కూడా పనికిమాలిన జంతువులే." ఈసారి పంపినాయన నాకు బాగా కావలసిన మనిషి. ఏమనుకోకన్నా, ఇందులో ఒక్కటీ నిలబడదు.

పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో నిపా వైరస్ ఉంటుంది, నిజమే. అది మనిషిని చేరాలంటే దారి కావాలి. బంగ్లాదేశ్‌లో ఆ దారి పచ్చి ఈతనీరా. రాత్రి గబ్బిలం వచ్చి నాకిపోతుంది, తెల్లారి మనిషి తాగుతాడు. మన సీమలో ఈతచెట్టు ఎక్కినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అక్కడ కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, నీరా కారేచోట కుండ మూతితో సహా కప్పేలా వెదురు తడిక కట్టడం. చెట్టు చెట్టులాగే ఉంది. ఇక 2018లో కోజికోడ్‌లో మొదటి మనిషి తర్వాత జబ్బు పాకింది ఎక్కువగా ఆస్పత్రుల్లో, మనిషి నుంచి మనిషికే.

తరిమేస్తే పోతుందా? ఉగాండాలో కిటాకా గని కథ వినండి. 2007లో అక్కడి గనికూలీలకు మార్‌బర్గ్ వైరస్ సోకింది. ఎబోలాకు దాయాది అది. మరుసటేడు గనిలోని గబ్బిలాలను మట్టుబెట్టారు. కొన్నాళ్లకు కొత్తవి వచ్చి చేరాయి. 2012లో ఆ దగ్గర్లోనే మళ్లీ మార్‌బర్గ్! పట్టి పరీక్షిస్తే, వైరస్ ఉన్న గబ్బిలాల శాతం మునుపు సుమారు 5, ఇప్పుడు 13. ఆస్ట్రేలియాలోనూ అడవి తరిగి, తిండి కరువై ఊళ్ల మీద పడ్డ గబ్బిలాల నుంచే నిపాకు దగ్గరి చుట్టమైన హెండ్రా వైరస్ గుర్రాలకు ఎక్కువగా సోకింది. మీ టపాసులు చేసేదీ ఆ చెదరగొట్టే పనే.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండింది ఆ 'సూత్రం' మాటకి. పర్యావరణం మీద ప్రపంచ దేశాలు చేసిన 1992 రియో ప్రకటనలో ఉన్నది వేరు: ప్రకృతికి తీవ్రమైన, లేదా తిరిగి పూడ్చలేని నష్టం ముంచుకొస్తుంటే, పూర్తి రుజువు లేదన్న సాకుతో నివారణ వాయిదా వేయకూడదని. 1996లో వేలూరు తోలు కర్మాగారాల కేసులో సుప్రీంకోర్టు దాన్ని మన చట్టంలో భాగం చేసింది. తన పనివల్ల హాని లేదని చూపాల్సింది ఆ పని చేసేవాడేనని కూడా చెప్పింది. అంటే గొడ్డలి పట్టుకున్నవాడే రుజువు తేవాలి. ఈ గబ్బిలం ఏటా కనేది సాధారణంగా ఒక్క పిల్లనే, కాబట్టి చంపితే ఆ లోటు అంత తొందరగా పూడదు.

చట్టం సంగతి ఒక్క ముక్క. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుకలు, కాకుల సరసన వీటిని పెట్టిన 'పనికిమాలిన జంతువుల' జాబితానే 2022 సవరణ ఎత్తేసింది. బెంగళూరులో చెట్టు కొట్టడానికి వృక్షాధికారి అనుమతి కూడా కావాలి.

మరి ఏం చేద్దాం? గేటు పక్క బాదంచెట్టు కింద పొద్దున్నే చూడండి, నమిలి ఉమ్మిన పీచు, పంటిగాట్లున్న కాయలు కారు బానెట్ మీద కూడా ఉంటాయి. వాటిని వాచ్‌మన్ వట్టి చేతులతో ఎత్తుతున్నాడు. చెట్టు నరికే కూలికి చందాలడిగే ముందు ఆయనకో జత గ్లవ్స్ కొనండి.