బీరువాలో పడుకున్న ఎంఓయూ గారికి

మహారాజశ్రీ క్లినికల్ అఫిలియేషన్ ఎంఓయూ గారి సముఖానికి,

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే పొడవునా ఉన్న వార్డుల నుంచి, ఆ వార్డులకు పిల్లల్ని దించిపోయే నర్సింగ్ కాలేజీ బస్సుల నుంచి నమస్కారాలు. నర్సింగ్ పిల్లలు ఆసుపత్రి వార్డుల్లో పని నేర్చుకునేందుకు కాలేజీ, ఆసుపత్రి రాసుకున్న ఒప్పంద పత్రం మీరు. మీరు క్షేమమని మాకు తెలుసు. ప్రిన్సిపల్ గారి రూములో, ఇనప బీరువా రెండో అరలో, ప్లాస్టిక్ ఫోల్డరు కప్పుకుని పడుకున్నారు. మీ జంట కాపీ ఆసుపత్రి పరిపాలనాధికారి (ఏఓ) గారి డ్రాయరులో ఉంది. సంతకాలనాడు ఫొటోకు పక్కపక్కన నిలబడ్డాక మీ ఇద్దరూ మళ్లీ ఎదురుపడలేదు. ఇన్‌స్పెక్షన్ కబురు వచ్చిన రోజు మాత్రం మిమ్మల్ని లేపి, దుమ్ము దులిపి, జెరాక్సు షాపుకి నడిపించుకుపోతారు. సాయంత్రానికి మళ్లీ బీరువాలోకే.

మిమ్మల్ని ఒకసారి మొదట్నుంచి చివరిదాకా చదివే భాగ్యం కలిగింది. పైన స్టాంపు పేపరు, లోపల నాలుగు పేజీలు. "పరస్పర ప్రయోజనం" అన్న మాట దండిగా ఉంది. "వీలును బట్టి" అన్నది అంతకన్నా దండిగా ఉంది. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ అన్న మాట ఒక్కచోట కూడా లేదు సామీ. కాలేజీ తరఫున కరస్పాండెంట్ గారు, ఆసుపత్రి తరఫున ఎండీ గారు సంతకాలు చేశారు. వాళ్లిద్దరూ బెడ్‌పాన్ పట్టుకోబోరు. పట్టుకునేవాళ్లకు మీరు పుట్టినట్టే తెలియదు. నర్సింగ్ సూపరింటెండెంట్‌కు తెలిసేది ఎప్పుడంటే, సోమవారం పొద్దున తెల్లకోట్ల పిల్లలు అరవై మంది పోర్టికోలో దిగి "మేడం, మా వార్డు ఏది?" అని అడిగినప్పుడు.

మీరు పుట్టడం తప్పని మేమనం. లెక్క చూస్తే మీరు లేక గతిలేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ (ఐఎన్‌సీ) నిబంధన ప్రకారం బీఎస్సీ కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి (పేరెంట్ హాస్పిటల్) ఉండాలి, పడకలు కనీసం 75 శాతం నిండాలి, ఒక్కో విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు దక్కాలి. 100 పడకల్లో 75 మంది ఉంటే 25 మంది పిల్లలకే పని. 60 సీట్ల బ్యాచ్ ఒకేసారి వార్డులకు దిగితే 180 మంది పేషెంట్లు, అంటే 240 పడకలు కావాలి. మిగిలిన ఆ 35 మంది పిల్లల కోసమే మీ అవతారం. ఇంతవరకు బాగానే ఉంది. తంటా ఎక్కడంటే, అదే పడకలు చూపించి అదే ఆసుపత్రి ఇంకో మూడు కాలేజీలతోనూ మీవంటివాళ్లనే కని ఉంటుంది. ఒకే రొయ్యల గుంటను నలుగురికి లీజుకిచ్చి చూడండి, ఏరియేటర్ తిరగకముందే గట్టు మీద కర్రలు లేస్తాయి. పిల్లల వార్డును నలుగురికి లీజుకిస్తే మాత్రం అందరూ "ఎక్స్‌పోజర్" అంటారు.

ఆ ఎక్స్‌పోజర్ ఎట్లుంటుందో ఒకసారి బీరువాలోంచి తొంగిచూడండి. రెండు కాలేజీల రొటేషన్ ప్లాన్లు, అంటే ఏ బ్యాచ్ ఏ వార్డుకు ఎప్పుడన్న పట్టికలు, ఒకే వారంలో పిల్లల వార్డు మీద పడ్డాయనుకోండి. మంచాల్లో పదకొండు మంది పిల్లలు, చుట్టూ రెండు రంగుల యూనిఫారాల్లో ఇరవై నాలుగు మంది. టైఫాయిడ్ పిల్లాడికి పొద్దుట్నుంచి నాలుగుసార్లు థర్మామీటర్ పెట్టారు. ఐదోసారి యూనిఫారం కనబడగానే వాడే చెయ్యెత్తి చంక చూపిస్తాడు. టీపీఆర్ ఛార్టులో టెంపరేచర్ గడి, పల్స్ గడి నిండుతాయి. రెస్పిరేషన్ గడిలో, అంటే నిమిషానికి ఎన్ని ఊపిరులో రాసే చోట, అందరికీ 20. మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి లాగుతున్న సీఓపీడీ (ముదిరిన ఊపిరితిత్తుల జబ్బు) తాతకు కూడా 20. ఊపిరిని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి, లెక్కపెడుతున్నట్టు తాతకు తెలియకూడదు. దీన్ని పక్కన నిలబడి నేర్పాల్సిన ట్యూటర్ డ్యూటీ రూములో కేసుబుక్కుల మీద సంతకాలు పెడుతుంటారు. ఆమెనీ తప్పు పట్టలేం. పదిమందికి ఒక టీచర్ అని నిబంధన, ముప్ఫై మందికి ఒక ట్యూటర్ అని బస్సు. మధ్యాహ్నం మళ్లీ ఆమెకే క్లాసు.

ఇక టైము సంగతి. వార్డులో పొద్దుటి డ్యూటీ 8 నుంచి 2. సరిగ్గా 8కి నైట్ సిస్టర్ మంచం మంచానికీ తిరిగి అప్పగింత చెబుతుంది. ఏ పేషెంట్‌కు యూరిన్ అవుట్‌పుట్ తగ్గింది, ఏ డ్రెయిన్‌లో ఎంత వచ్చింది, ఏ మందు స్టోర్సులో లేక ఆగింది, ఎవరికి పొద్దున బ్లడ్ ఎక్కించాలి. నర్సింగ్ అంతా ఆ ఇరవై నిమిషాల్లో వినబడుతుంది. పిల్లల బస్సు 8:50కి వస్తుంది. తిరిగి పోయే బస్సు 12:20కి. పొద్దున యాభై నిమిషాలు, మధ్యాహ్నం వంద నిమిషాలు, కలిపి రోజుకు రెండున్నర గంటలు గాలికి. 2021 సిలబస్‌లో ఒక క్లినికల్ క్రెడిట్ అంటే 80 గంటలు. అడల్ట్ హెల్త్ మొదటి పేపరుకు ఆరు క్రెడిట్లు, 480 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున 80 రోజులు. రోజుకు రెండున్నర చొప్పున పోగొడితే 200 గంటలు మాయం. అటెండెన్సు రిజిస్టరులో మాత్రం 480. మీలో "క్లినికల్ అనుభవం కల్పించబడును" అని ఉంది గానీ ఎన్నింటికి కల్పించబడునో లేదు.

లేబర్ రూము గురించి చెబితే మీకు కోపం రావచ్చు, అయినా వినండి. పాత బీఎస్సీ సిలబస్‌లో ఒక్కో విద్యార్థి 20 సాధారణ కాన్పులు స్వయంగా చేయాలని ఉండేది. 60 మందికి 1200 కాన్పులు. నాలుగు కాలేజీలకైతే 4800. అటు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) చూస్తే మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63. అంటే మీరు చేయి కలిపిన ప్రైవేటు ఆసుపత్రిలో సాధారణ కాన్పు కనబడితే పరుగెత్తుకెళ్లి చూడాలి. పరుగెత్తుకెళ్లి చూస్తున్నారు కూడా. ఒక కాన్పుకు ఐదుగురు నిలబడతారు. ఒక్కరి చేతులే లోపల. నలుగురి పెన్నులు బయట. సాయంత్రానికి ఐదు కేసుబుక్కుల్లోనూ అదే తల్లి, 2.8 కిలోల అదే బిడ్డ, పుట్టగానే బిడ్డ స్థితికి వేసే అవే ఆప్గార్ స్కోర్లు 8, 9. కాగితం మీద ఆ తల్లి ఒక్కరోజులో ఐదుసార్లు కన్నది.

సూది గుచ్చుకుంటే ఏమిటన్నది కూడా మీలో వెతికాం. బీపీ ఆపరేటస్ పగిలితే ఖరీదు విద్యార్థి కట్టాలని ఒక క్లాజు కనబడింది. విద్యార్థుల వల్ల కలిగే నష్టానికి ఆసుపత్రి పూచీ పడదని ఇంకో క్లాజు. ఆసుపత్రి వల్ల విద్యార్థికి కలిగే నష్టం మాటే లేదు. పేషెంట్‌కు వాడిన సూదికి క్యాపు తిరిగి పెట్టబోయి వేలికి గుచ్చుకున్న పద్దెనిమిదేళ్ల పిల్ల ఏం చేయాలి? వేలు పిండకూడదు, సబ్బుతో పారే నీళ్ల కింద కడగాలి, వెంటనే చెప్పాలి, ఆ పేషెంట్‌కు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించాలి. అవసరమైతే హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే పీఈపీ మందు మొదటి డోసు రెండు గంటల్లోపు పడితే మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. వేసుకున్నాక 28 రోజులు మానకూడదు. ఆ పిల్లేమో ట్యూటర్ తిడుతుందని భయపడి దూది చుట్టుకుని బస్సెక్కుతుంది. రెండు గంటలు బస్సులోనే అయిపోతాయి. హెపటైటిస్ బీ టీకా అయినా వేయించారా అంటే, 0, 1, 6 నెలలకు మూడు డోసులు, తర్వాత నెలా రెండు నెలలకు టైటర్ (టీకా రక్షణ ఎంత వచ్చిందో చెప్పే రక్తపరీక్ష) చూడాలి, అది 10 యూనిట్లు దాటాలి. మొదటి సెమిస్టర్‌లోనే వార్డుకు పంపుతున్నాం, మూడో డోసు రెండో సెమిస్టర్‌లో గానీ పడదు. కాబట్టి మొదటి డోసు అడ్మిషన్ రోజునే వేయాలి, ఫీజు రసీదుతో పాటే. ఖర్చు ఎవరిదన్నది మీలో ఒక్క వాక్యం రాస్తే చాలు.

వాక్యం రాయడం కష్టమేం కాదు. రెండు వైపులా పుచ్చుకునే చేతులే ఉండటమే కష్టం. కాలేజీకి గంటల సర్టిఫికెట్ కావాలి. ఆసుపత్రికి తలకింతని క్లినికల్ ఫీజు కావాలి, పైగా శాంపిళ్లు ల్యాబుకు మోయడానికి, స్ట్రెచర్ తోయడానికి, ఫార్మసీ దగ్గర వరసలో నిలబడటానికి జీతం లేని చేతులు కావాలి. మన నెల్లూరులో మొహర్రంకు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగలో ఏం జరుగుతుందో మీకు ఎవరూ చెప్పలేదా? చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె. కోరిక ఉన్నవాడు మోకాలిలోతు నీళ్లలో నిలబడి రొట్టె పుచ్చుకుంటాడు. కోరిక తీరినవాడు మరుసటేడు రొట్టె తెచ్చి అదే నీళ్లలో ఇంకొకరికి ఇస్తాడు. పుచ్చుకున్నవాడు తిరిగి రాకపోతే పండగే లేదు. మీ దగ్గర ఇద్దరూ పుచ్చుకునేవాళ్లే. చెరువు గట్టున ఒక్క రొట్టె లేదు.

తిరిగి ఇవ్వడానికి కాలేజీ దగ్గర ఏముందంటారా? బోలెడుంది. వార్డు నర్సుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంది, దానికి ఐఎన్‌సీ 150 సీఎన్‌ఈ (కొనసాగే నర్సింగ్ విద్య) గంటలు చెబుతుంది. ఆమె సెలవు పెట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని ఎక్కడో వర్క్‌షాపుకు పోతుంది. కాలేజీలో స్కిల్ ల్యాబు ఉంది, అందులో సీపీఆర్ బొమ్మ మధ్యాహ్నం నుంచి ఖాళీగా పడుకుని ఉంటుంది, మీలాగే. నెలకొకసారి దాన్ని వార్డుకు మోసుకొచ్చి, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు రెండు ఊపిరులు అని నైట్ డ్యూటీ వాళ్లతో చేయిస్తే కాలేజీ రొట్టె ఇచ్చినట్టే. మీలో ఈ సంగతి రాయండి, నెల, వారం, గంట వేసి.

ఆసుపత్రి ఇవ్వాల్సిన రొట్టె ప్రిసెప్టర్, అంటే పక్కనుండి పని నేర్పే నర్సు. ఇద్దరు పిల్లలకు ఒక స్టాఫ్ నర్సు, పేరుతో సహా. ఆ రోజు ఆమెకు పేషెంట్లు తగ్గించాలి. ఇక్కడే అన్ని ఒప్పందాలూ బోల్తా కొడతాయి. టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలని నిబంధన. ముప్ఫై మందిని ఇద్దరు చూసే చోట "పిల్లలకు కాస్త నేర్పండమ్మా" అంటే ఆమె ఏం నేర్పుతుంది? శాంపిల్ పట్టుకుని ల్యాబుకు పొమ్మంటుంది. మేమైతే ఆమె పక్షమే.

జబ్బు ముదిరితే మనవాళ్లు గూడూరు మీదుగా కాట్పాడికి రైలెక్కి వేలూరు పోతారు కదా. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో 1946లోనే బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. అక్కడ పాఠం చెప్పే టీచర్‌కు వార్డు బాధ్యత కూడా ఉంటుంది. పుస్తకంలో ఒకటి, వార్డులో ఒకటి చెప్పే వీలుండదు, రెండుచోట్లా ఆమే కాబట్టి. అంత మనవల్ల కాకపోవచ్చు. కనీసం ఒక ట్యూటర్ వారానికి రెండు పూటలు యూనిఫారం వేసుకుని ఒక వార్డులో డ్యూటీ చేయడం, ఒక వార్డు ఇన్‌చార్జి నెలకు రెండు క్లాసులు చెప్పడం మనవల్ల అయ్యే పనే. దానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. అహం కాస్త తగ్గాలి, అంతే.

సర్కారు ఆసుపత్రుల వైపు వెళ్లారా, మూడు గుమ్మాలు ఎక్కాలి. పెద్దాసుపత్రికి వైద్య విద్య డైరెక్టర్ (డీఎంఈ) వారి అనుమతి, వైద్య విధాన పరిషత్ (ఏపీవీవీపీ)గా మనకు అలవాటైన ఏరియా ఆసుపత్రులకు వేరే ఆఫీసు, పీహెచ్‌సీకి జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ). కనిగిరి వైపు ఊళ్లలో ఫ్లోరోసిస్ పళ్ల మీద, నడకలో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. అలాంటి చోట కమ్యూనిటీ పోస్టింగ్ వేయకుండా బస్సుకు దగ్గరని టౌను పక్క కాలనీలో వేస్తారు. కాలేజీకీ ఆసుపత్రికీ మధ్య దూరానికి 30 కిలోమీటర్ల గీత ఉందంటారు. నెల్లూరు పేరు చెప్పి కావలిలో ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ గీత ఎవరికీ కనబడదు.

ఇంకో రోగం. మీరు నడిచిన చోటల్లా ఎవరో ఒక మేడం వల్ల నడిచారు. బదిలీల్లో ఆ మేడం మార్కాపురం పోయిందంటే మీరూ పడుకున్నట్టే. అందుకే మూడు నెలలకోసారి నర్సింగ్ సూపరింటెండెంట్, కాలేజీ నుంచి ఒకరు, ఇద్దరు వార్డు ఇన్‌చార్జులు, ఒక విద్యార్థి అరగంట కూర్చోవాలి. ఆ ఆసుపత్రికి వచ్చే కాలేజీలన్నీ రొటేషన్ ప్లాన్లు అదే బల్ల మీద పరవాలి. మినిట్స్ ఒక పేజీ దాటకూడదు, ఎవరు ఏ తేదీకి ఏం చేయాలో తప్ప "చర్చించడమైనది" అన్న మాట అందులో కనబడకూడదు. పిల్లలకు బట్టలు మార్చుకునే గది గురించి ఆ బల్ల మీద ఎవరో ఒకరు అడగాలి. ఇప్పుడు మెట్ల కింద మార్చుకుంటున్నారు.

చదువైపోయాక పిల్లలు దుబాయ్, జర్మనీ పోతున్నారని, ఇక్కడ నిలవడం లేదని ఆసుపత్రులు మీ పక్కన ఇంకో కాగితం పెడుతున్నాయి, ఇన్నాళ్లు ఇక్కడే పనిచేయాలనే బాండు అని. సర్టిఫికెట్లు పట్టుకుని ఆపితే మనిషి ఆగదు, మనసు ముందే విమానం ఎక్కి ఉంటుంది. ఇంటర్న్‌షిప్‌లో ఆమెను సిస్టర్ అని పిలిచిన వార్డుకు ఆమె తిరిగి రావచ్చు. "ఏయ్ స్టూడెంట్" అని పిలిచిన వార్డుకు ఎందుకొస్తుంది?

మీ రెన్యువల్ దగ్గర పడిందని విన్నాం. ఈసారి సంతకాలకు ముందు మిమ్మల్ని ఒక పొద్దున ఫిమేల్ మెడికల్ వార్డులో, ట్రాలీ మీద, చేతికి శానిటైజర్ రాసుకున్నవాళ్ల మధ్య చదివించమని మనవి.

ఇట్లు,
ఛార్టుల్లో 20 అని చదివి చదివి ఆయాసం వచ్చినవాళ్లు

తా.క. సోమవారం నుంచి బస్సు 7:40కి ఆసుపత్రి గేటు దాటాలని డ్రైవరుకు చెప్పాం. "ఆరింటికే బండి తీయాల, ఓటీ ఎవురిస్తారు?" అని అడిగాడు. మీలో వెతికాం. లేదు.