కాంటోను గ్రేటర్‌లో కలిపేయండి

మా మేనల్లుడికి పదకొండేళ్లు. మూసీ ఎటు నుంచి ఎటు పారుతుందని అడిగితే బిక్కమొహం వేస్తాడు. కాంటోలో ఏ ఊరికి ఎన్నో నంబరు దారిలో వెళ్లాలో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కాంటో అంటే టోక్యో ఉన్న ప్రాంతానికి జపాన్ వాళ్ల పేరు. ఆ పేరే పెట్టుకుని 1996లో మొదటి పోకెమాన్ వీడియో గేమ్‌లో ఒక కల్పిత ప్రాంతం వెలిసింది. అక్కడ తిరిగి 151 రకాల జీవులను పోగు చేయాలి. ఈ వేసవి సెలవుల్లో వాడు నన్ను కూర్చోబెట్టి ఆ ప్రాంతం విశేషాలన్నీ అప్పజెప్పించుకున్నాడు. అంతా విన్నాక నాకు అర్థమైందేమిటంటే, అది కల్పితం కాదు, సర్వే నంబరు పడని మన శివారు. జంట నగరాలకు తోడు దాన్నీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేయాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

పేర్లతో పేచీ రాదు. కాంటోలో దాదాపు ఊళ్లన్నిటికీ రంగుల పేర్లు. మనకు ఎర్రగడ్డ, నల్లకుంట, కాలాపత్తర్, లాల్ దర్వాజా ఎప్పటి నుంచో ఉన్నాయి. సఫ్రాన్, అంటే కాషాయం, ఆ ఊరి పేరు మీద మాత్రం ఎన్నికల ముందు కొంచెం గొడవ జరగొచ్చు.

ఇక ముఖ్య విషయం, ప్లాటు. వెర్మిలియన్ అనే రేవు పట్నంలో ఒక పెద్దాయనకు ఖాళీ జాగా ఉంది. బిల్డింగు కడుతున్నానంటాడు. మచాప్ అనే కండల జీవి ఒకటి ఆ నేలను తొక్కి చదును చేస్తూ ఉంటుంది. 1999లో వచ్చిన తర్వాతి పోకెమాన్ ఆటలు గోల్డ్, సిల్వర్‌లలో కథ మూడేళ్లు ముందుకు జరిగింది. ఆలోపు ఒక అగ్నిపర్వతం పేలి సినబార్ దీవిలో ఊరు ఊరంతా పోయింది. పక్క ప్రాంతం నుంచి సఫ్రాన్‌కు రైలు వచ్చింది. మచాప్ మాత్రం తొక్కుతూనే ఉంది. ఏమయ్యా అంటే, నేల చదును చేయిస్తున్నా గానీ కట్టడానికి డబ్బుల్లేవంటాడు పెద్దాయన. ఇంత నిజాయితీ గల బిల్డరును నేనింతవరకు చూడలేదు. మన దగ్గరైతే ఈపాటికి ప్రీలాంచ్ ఆఫర్ పెట్టి, క్లబ్‌హౌస్ బొమ్మ చూపించి, మచాప్ పేరు మీద కూడా నాలుగు ఫ్లాట్లు బుక్ చేయించేవారు.

సైకిల్ సంగతి వింటే కడుపు తరుక్కుపోతుంది. సెరూలియన్‌లో దుకాణం ఉంది, సైకిల్ ఉంది, ధర 10,00,000. ఆటలో మన జేబులో పట్టే గరిష్ఠ సొమ్ము 9,99,999. ఎంత కష్టపడినా ఒక్కటి తక్కువే. మరి సైకిల్ ఎవరికి దొరుకుతుంది? వెర్మిలియన్‌లో అభిమాన సంఘం అధ్యక్షుడి ఎదుట కూర్చుని, ఆయన పెంచుకునే నిప్పుల జూలు గుర్రం గొప్పలు చివరిదాకా విన్నవాడికి. విన్నందుకు ఒక కూపన్ ఇస్తాడు, అది చూపిస్తే సైకిల్ ఉచితం. ఆ ధర అమ్మకానికి పెట్టింది కాదు, కూపన్‌కు విలువ తేవడానికి పెట్టింది. మా బావ ఫ్లాటు వేటలో ఉన్నాడు. జీతం పెరిగిన ప్రతిసారీ గజం ధర ఇంకో మెట్టు పైకెక్కి కూర్చుంటోంది. కొడుకు చెప్పిన ఈ లెక్క విని ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

విరిడియన్‌లో ఒక ముసలాయన దారికి అడ్డంగా పడుకుని ఎవరినీ పోనివ్వడు. పొద్దున కాఫీ పడలేదట పాపం. జపాన్ అసలు ఆటలో మాత్రం ఆయన తాగి పడిపోయాడు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు పిల్లలు చూస్తారని కల్లును కాఫీ చేశారు.

లావెండర్‌లో ఏడంతస్తుల సమాధుల గోపురం ఉండేది. మూడేళ్లలో దాన్ని రేడియో స్టేషన్ చేసేశారు. పోయినవాళ్ల జ్ఞాపకాలకు పక్కన ఒక చిన్న ఇల్లు మిగిల్చారు. మా మేనల్లుడికి ఇది అన్యాయం అనిపించింది. మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంక్ ఏదిరా అని అడిగాను. "అది బస్‌స్టాప్ పేరు కదా మామా" అన్నాడు. అసలు ఈ ఆటకు బీజం వేసిన సతోషి తజిరి చిన్నప్పుడు టోక్యో శివారు మచిదాలో పొదల వెంట, చెరువుల వెంట పురుగులు పట్టుకుంటూ తిరిగినవాడే. పెద్దయ్యేసరికి అక్కడ సిమెంటు వచ్చేసింది. పిల్లలకు మళ్లీ ఆ పురుగుల వేట దొరకాలని ఆట చేశాడు. ఆ లెక్కన మన చెరువులకు ఎన్ని ఆటలు రావాలో!

అయితే విలీనానికి అసలు అర్హత సఫ్రాన్ గేట్ల దగ్గర ఉంది. ఊరికి నాలుగు వైపులా గేట్లు, ప్రతి గేటు దగ్గరా కాపలా. రోడ్డు మూసేశామంటారు. ఎందుకు మూశారో చెప్పరు, దాహంగా ఉందని మాత్రం చెప్తారు. సెలడాన్‌లో డిపార్ట్‌మెంట్ స్టోర్ మేడెక్కి, మిషన్‌లో ఒక నీళ్ల సీసా కొనిస్తే, కాపలావాడు మిగతావాళ్లతో పంచుకుంటానని తీసుకుంటాడు. ఆ ఒక్క సీసాతో నాలుగు గేట్లూ తెరుచుకుంటాయి. 2004 రీమేక్‌లో సీసా పోయి టీ వచ్చింది. అంటే చాయ్‌పానీలో పానీ 1996లో, చాయ్ 2004లో. మనకు ఒక్క రోజులో అయ్యే పనికి వాళ్లకు ఎనిమిదేళ్లు పట్టింది.

మొన్న ఆదివారం మా వీధి చివర రోడ్డు తవ్వి అడ్డం పెట్టారు. బండి ఆపితే, దారి లేదు, తిరిగి పొమ్మన్నాడు అక్కడి మనిషి. మా వాడి కళ్లు మెరిశాయి. "ఆగు మామా, నాకు తెలుసు" అంటూ ఇరానీ హోటల్‌కి పరుగెత్తి, వేడి వేడి చాయ్ పట్టుకొచ్చి రెండు చేతులతో అందించాడు. ఆ మనిషి ఒక గుక్క తాగి, కప్పు వైపు ఒకసారి, వాడి వైపు ఒకసారి చూశాడు.

"ఒక్కటే తెచ్చినవా బిడ్డా? అటు దిక్కు ఇంకా ముగ్గురున్నరు."