గెట్ అంటే ‘పొందుట’ కాదు మహాప్రభో

మా అన్న కూతురు నిన్న నోట్‌బుక్ పట్టుకొచ్చి, "బాబాయ్, గెట్ లాస్ట్ అంటే తప్పిపోవుటను పొందుము అనా?" అని అడిగింది. నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ తప్పు దానిది కాదు. గెట్ ఎదురుగా ‘పొందుట’ అని ఒక్క ముక్క రాయించి వదిలేశారు. నా చిన్నప్పుడూ అదే రాయించారు. ఇన్నేళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదా?

మనం రోజు మొత్తంలో ‘పొందాను’ అని ఎన్నిసార్లు అంటాం? ఉత్తరం వస్తుంది, ఉద్యోగం దొరుకుతుంది, జలుబు చేస్తుంది. ఇంగ్లీషులో మూడింటికీ గెట్టే. పక్కన వెట్ ఉంటే తడవడం, యాంగ్రీ ఉంటే కోపం రావడం, హోమ్ ఉంటే ఇంటికి చేరడం. చూడాల్సింది గెట్‌ని కాదు, దాని పక్కనున్న మాటని. ఈ ముక్క ముందే చెబితే పిల్లలకి సగం టెన్షన్ తగ్గుతుంది.

నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. ‘ఐ కట్ మై హెయిర్’ అంటే కత్తెర నా చేతిలో ఉన్నట్టు. ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అంటే కటింగ్ చేయించుకున్నట్టు. ‘ఐ గాట్ హిమ్ టు పే’ అంటే వాడి చేత డబ్బు కట్టించాను. చేయించడం, కట్టించడం... మనకి ఆ ‘ఇంచు’ చేసే పని అక్కడ గెట్ చేస్తోంది! ఇంత దగ్గరి పోలిక చేతిలో పెట్టుకుని ‘పొందుట’ దగ్గరే ఆగిపోతాం.

అన్నట్టు, ఈ మాట ఇంగ్లీషులో పుట్టింది కాదు. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల పాత నార్స్ భాషలోని ‘గెటా’ నుంచి 1200 ప్రాంతంలో చేరింది. ఫర్‌గెట్‌లోని గెట్ దీనికి చుట్టమే.

ఇంగ్లీషు పిచ్చి భాష అనేవాళ్లు కాస్త మన ‘కొట్టు’ని చూడండి. బోర్ కొడుతుంది, వాసన కొడుతుంది, టైరుకి గాలి కొట్టిస్తాం, పక్కవాడి పెన్ను కొట్టేస్తాం. దెబ్బ ఎవరికి తగిలింది?

ఇదంతా చెప్పాక పిల్ల ‘పొందుట’ని పెన్నుతో కొట్టేసింది. ఈ రోజు పొద్దున చూస్తే మళ్లీ రాసి ఉంది. "ఎల్లుండి టెస్ట్ బాబాయ్, ఇంకోటి రాస్తే మార్కు ఇవ్వరు" అంది.