ఒక స్పూను సైన్సు

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీటింగ్ పెట్టారు. లిఫ్ట్ రిపేరు గురించి అన్నారు. దిగి చూస్తే లిఫ్ట్ ఊసే లేదు. ప్లాస్టిక్ టేబుల్ మీద రెండు గాజు గ్లాసులు, పక్కన 20 లీటర్ల నీళ్ళ క్యాన్, దాని వెనక టై కట్టుకున్న కుర్రాడు. విడిగా కొంటే క్యాన్ 30 రూపాయలట, అన్ని ఫ్లాట్లూ కలిసి తీసుకుంటే 25 అట. సెక్రటరీగారు కుదిర్చిన బేరం. ఆయన ఏం కుదిర్చినా మన మంచికే, రసీదు మాత్రం అడగకూడదు.

నేను నల్లా నీళ్ళ పక్షం. మా ఇంట్లో వాటిని మంజీరా నది పేరుతో మంజీరా అనే అంటాం, హైదరాబాద్‌లో మాకు వచ్చేది కృష్ణా నీళ్ళయినా సరే. సాగర్ దగ్గర ఎత్తిపోసి, కోదండాపురంలో శుద్ధి చేసి, వంద కిలోమీటర్ల పైచిలుకు గొట్టాల్లో నడిపించి తెస్తారు. అంత దూరం నుంచి మనకోసం వచ్చినవాళ్ళని క్లోరిన్ వాసన వేస్తున్నారని ఇంట్లోకి రానివ్వకపోతే ఎలా? కాసేపు మూత తీసి ఉంచితే ఆ వాసనా పోతుంది. ఇదంతా గట్టిగానే చెప్పాను. 'మరి మన సంపు ఎప్పుడు కడిగించారండీ?' అని ఎవరో అడిగారు. పోయినేడాది మెయింటెనెన్స్ చూసింది నేనే కాబట్టి ఆ ప్రశ్న నాకు వినబడలేదు.

కుర్రాడు ముందు పెన్నులాంటి మీటరు ముంచాడు. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, నల్లా నీళ్ళకు 310, క్యాన్ నీళ్ళకు 38. 500 దాకా ఫరవాలేదని ప్రభుత్వ ప్రమాణమే చెబుతోంది బాబూ అన్నాను. 'తక్కువుంటే మంచిది కదా సార్' అన్నాడు. బీపీ 38 ఉన్నా మంచిదేనా? తర్వాత రెండు గ్లాసుల్లోనూ ఇనప కడ్డీలు దించి స్విచ్ వేశాడు. నిమిషంలో నల్లా గ్లాసు బురదగుంట అయిపోయింది. క్యాన్ గ్లాసు చెక్కు చెదరలేదు. 'ఇన్నాళ్ళూ దీంతోనా నేను పప్పు ఉడికించింది!' అని 204 ఆంటీ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

ఈ గారడీ సంగతి నాకు తెలుసు. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆ మురికి కడ్డీది, నీళ్ళది కాదు. క్యాన్ నీళ్ళలో లవణాలన్నీ ముందే లాగేశారు గనక కరెంటు సరిగ్గా పారదు. అందులో కాస్త ఉప్పు వేస్తే దాని బతుకూ బురదే. 'రెండు నిమిషాలు, ఎవరూ కదలకండి' అని నాలుగో అంతస్తుకు మెట్లెక్కి పరిగెత్తాను.

స్పూనుతో తిరిగొచ్చాను.

అందరికీ చూపించి, పెళ్ళిలో తలంబ్రాలు పోసినంత శ్రద్ధగా ఆ తెల్లటి పొడి క్యాన్ గ్లాసులో వేసి కలిపాను. 'ఇప్పుడు వెయ్యి స్విచ్చి' అన్నాను. వేశాడు. ఏమీ అవలేదు. కొంచెం టైం పడుతుందన్నాను. పట్టింది. ఇంకా ఏమీ అవలేదు. గ్లాసు వైపు వంగాను. నాతోపాటు పద్దెనిమిది తలలు వంగాయి. నీళ్ళు మా ఆవిడ చీర అంచు కనిపించేంత స్వచ్ఛంగా ఉన్నాయి. ఆవిడ ఎప్పుడు దిగివచ్చిందో నేను చూడలేదు. పదో తరగతిలో మా సైన్సు మాస్టారు నన్ను బెంచీ ఎక్కించిన రోజు కూడా ఇంతమంది నా వైపు చూడలేదు. ప్లగ్గు వదులుగా ఉందేమో అన్నాను. కుర్రాడు అవే కడ్డీలు నల్లా నీళ్ళలో పెట్టి, బురదను ఇంకాస్త బురద చేసి చూపించాడు. మీటరు ముంచాడు. 38. వాడి కళ్ళు మెరిశాయి. నాకే అర్థం కానిది వాడికి అర్థమైందనుకోను, కానీ అమ్మేవాడికి అర్థం కానక్కర్లేదు. 'చూశారా మేడమ్! సార్ స్వయంగా ఉప్పు వేసినా మా నీళ్ళు ఒప్పుకోలేదు!'

చప్పట్లు కొట్టారు. సెక్రటరీగారైతే రెండు చేతులూ ఎత్తి కొట్టారు.

అప్పుడు మా ఆవిడ నా చేతిలో స్పూను తీసుకుని, అంటుకున్న పొడి నాలిక మీద వేసుకుని, చెవి దగ్గర మెల్లిగా అడిగింది. 'సున్నుండలకని పట్టి ఉంచిన పంచదార పొడి ఇక్కడికెందుకు తెచ్చారు?'

పంచదార నీళ్ళలో ఎంత కరిగినా కరెంటుకు దారివ్వదు. అదీ పదో తరగతి పాఠమే. మళ్ళీ నాలుగు అంతస్తులెక్కి ఈసారి నాకి మరీ ఉప్పు తెచ్చేసరికి కడ్డీలు సంచిలోకి వెళ్ళిపోయాయి, క్యాన్‌కు 150 చొప్పున డిపాజిట్లు సెక్రటరీగారి జేబులోకి.

ఇవాళ పొద్దున వాట్సాప్ గ్రూపులో ఆయన ప్రకటన: 'మన 401 వారు స్వయంగా శాస్త్రీయ పరీక్ష జరిపి నిర్ధారించిన నీళ్ళు.' కింద నా ఫొటో. స్పూను స్పష్టంగా పడింది.