నవ్వే ముందు పటం తీయండి

దారిన పోయే కుర్రాణ్ణి ఆపి, ముఖం ముందు మైకు పెట్టి, 'ఆఫ్రికా దేశమా, ఖండమా?' అని అడుగుతారు. అతను తడబడతాడు. ఆ తడబాటుకు నవ్వుల శబ్దం జోడించి ఫోన్లలోకి వదులుతారు. కింద కామెంట్ల వరద. ఈ తరానికి ఏమీ రాదు, చదువులు పాడైపోయాయి, మా రోజుల్లో అయితేనా... ఏ భాషలో వెతికినా ఇలాంటి వీడియోలు దొరుకుతున్నాయి. పిల్లల్ని చూసి పెద్దలు నవ్వుకోవడానికి భూగోళం ఒక కాలక్షేపమైపోయింది. ఈ నవ్వు చూస్తే మాకు ఒళ్లు మండుతోంది.

ఆ కుర్రాడికి భూగోళం నేర్పాల్సింది ఎవరు? దాన్ని విడిగా ఒక సబ్జెక్టుగా ఉంచకుండా సోషల్ పుస్తకంలో ఓ మూలకు నెట్టింది ఎవరు? సిలబస్ పూర్తికాదనుకున్నప్పుడు మొదట వదిలేసే పాఠం ఏది? పరీక్షలు దగ్గరపడగానే జాగ్రఫీ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేసింది ఎవరు? ఇవేవీ పిల్లలు చేసిన పనులు కావు. చేసినవాళ్లే ఇప్పుడు ఫలితం చూసి పగలబడి నవ్వుతున్నారు.

తెలియనితనం ఉందన్న మాట నిజమే, అది కొత్త కబురేమీ కాదు. 2002లో నేషనల్ జియోగ్రాఫిక్ తొమ్మిది దేశాల్లో 18 నుంచి 24 ఏళ్ల వారిని పరీక్షించింది. స్వీడన్ యువత ముందు నిలిచింది, అమెరికాది చివరి నుంచి రెండో స్థానం. అమెరికా యువతలో 11 శాతం మంది పటం మీద తమ దేశాన్నే చూపించలేకపోయారు. భూమ్మీద అన్నిటికంటే పెద్దదైన పసిఫిక్ మహాసముద్రం 29 శాతం మందికి దొరకలేదు. 2006లో మళ్లీ అడిగారు. అప్పటికి మూడేళ్లుగా వాళ్ల సైన్యం ఇరాక్‌లో యుద్ధం చేస్తోంది. అయినా 63 శాతం మందికి ఇరాక్ ఎక్కడుందో తెలియలేదు. కొద్ది నెలల ముందే కత్రినా తుపాను ముంచేసిన లూసియానా రాష్ట్రాన్ని మూడో వంతు మంది గుర్తుపట్టలేకపోయారు. ఆ పేర్లు రోజూ టీవీలో విన్నవాళ్లే వీళ్లంతా.

ఈ అంకెలు పట్టుకుని యువతను ఝాడించడం తేలిక. మరి పెద్దల సంగతో? రష్యా ఉక్రెయిన్‌లోని క్రిమియాను కలిపేసుకున్న 2014 మార్చిలో అమెరికాలో ముగ్గురు రాజనీతి శాస్త్ర పరిశోధకులు 2,066 మందికి ప్రపంచ పటం చూపించి, ఉక్రెయిన్ ఎక్కడుందో గుర్తు పెట్టమన్నారు. సరిగ్గా పెట్టింది ఆరుగురిలో ఒక్కరు. కొందరి గుర్తులు వేరే ఖండాల్లో పడ్డాయి. 18-24 ఏళ్ల వారిలో 27 శాతం మంది సరిగ్గా చూపిస్తే, 65 దాటినవారిలో చూపించగలిగింది 14 శాతమే. గురివింద గింజ సామెత ఇంతకంటే బాగా ఎక్కడ అతుకుతుంది?

ఆ సర్వేలో అసలు భయపెట్టే విషయం ఇంకొకటుంది. ఉక్రెయిన్‌కు ఎంత దూరంగా గుర్తు పెట్టినవాళ్లు అంత గట్టిగా అక్కడికి సైన్యాన్ని పంపాలన్నారు. 2017లో ఉత్తర కొరియా గురించి అడిగినప్పుడు 36 శాతం మంది దాన్ని పటం మీద చూపించారు. అలా చూపించగలిగినవాళ్లు, చూపించలేనివాళ్లకంటే ఎక్కువగా చర్చల వైపు మొగ్గారు. దేశం ఎక్కడుందో తెలియకపోయినా దాని మీద బాంబులు వేయాలా వద్దా అన్న విషయంలో మాత్రం పెద్దలకు గట్టి అభిప్రాయాలున్నాయి. కుర్రాడు 'తెలియదు' అని తల దించుకుంటాడు. పెద్దవాడు ఓటేసి వస్తాడు. ఇద్దరిలో ప్రమాదం ఎవరితో?

పదవుల్లో ఉన్నవారూ ఇందుకు మినహాయింపు కాదు. 1982లో బ్రెజిల్‌లో విందు స్వీకరిస్తూ అమెరికా అధ్యక్షుడు రీగన్ బొలీవియా ప్రజలకు శుభాకాంక్షలు చెప్పారు. 2017లో ఆఫ్రికా నేతల ఎదుట ట్రంప్ 'నాంబియా' అనే లేని దేశాన్ని పొగిడారు. పెద్దలైతే నోరు జారడం, పిల్లలైతే అజ్ఞానమా?

ఇంత చెప్పాక కూడా ఒక వాదన వస్తుంది. ఫోన్‌లో అంతా ఉండగా రాజధానుల పేర్లు బట్టీ పట్టించడం ఎందుకు అంటారు. వట్టి బట్టీ వల్ల ఒరిగేది లేదన్న మాట వరకు ఒప్పుకుంటాం. అక్కడితో ఆ వాదన అయిపోయింది. ఫోన్ దారి చెబుతుంది, చోటు చెప్పదు. అందులోని పటానికి నడిమధ్య నీలి చుక్కగా ఎప్పుడూ మనమే ఉంటాం, చుట్టూ నాలుగు వీధులు కనిపిస్తాయి, మలుపు తిరగమంటే తిరుగుతాం. జీపీఎస్ మీద ఎక్కువగా ఆధారపడేవారిలో దారుల జ్ఞాపకం బలహీనంగా ఉందని 2020లో కెనడా పరిశోధకులు తేల్చారు. పైగా హోర్ముజ్ జలసంధి పేరు వినగానే చమురు గుర్తుకురాని మనిషి దాన్ని ఫోన్‌లో ఎందుకు వెతుకుతాడు? మామూలు రోజుల్లో ప్రపంచం వాడే చమురులో దాదాపు అయిదో వంతు ఆ ఇరుకు సముద్ర దారి గుండానే పోతుందని ముందు కొంచెమైనా తెలిసి ఉంటేనే కదా ప్రశ్న పుట్టేది! 2021 మార్చిలో ఒక్క ఓడ సూయజ్ కాలువకు అడ్డం తిరిగితే ఆరు రోజులు ప్రపంచ వాణిజ్యం టెన్షన్ పడింది. ఆ వారమంతా ఓడ మీద జోకులు పంచుకున్నవారిలో, సూయజ్ మూసుకుంటే ఓడలు ఏ ఖండాన్ని చుట్టి రావాలో ఎందరు చెప్పగలరు?

బడిలో నేర్చుకున్నది ఎందుకు నిలవదో శాస్త్రం ఎప్పుడో చెప్పింది. మళ్లీ మళ్లీ గుర్తు చేసుకోనిది ఎంత త్వరగా జారిపోతుందో 1885లోనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే పరీక్ష చేసుకుని రాశాడు. బడిలో నేర్చుకున్న స్పానిష్ భాష యాభై ఏళ్లలో ఎంత మిగులుతుందో చూసిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హ్యారీ బారిక్ 1984లో మరో సంగతి బయటపెట్టాడు. పోయేదంతా మొదటి కొన్నేళ్లలోనే పోతుంది, ఆ తర్వాత మిగిలింది పాతికేళ్లకు పైగా చెక్కుచెదరదు. ఎంత మిగులుతుందన్నది మొదట ఎంత లోతుగా నేర్చుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మరి బళ్లలో జరిగేదేమిటి? పరీక్షకు ముందు ఒక్కసారి అవుట్‌లైన్ మ్యాప్ ఇచ్చి, నదులు గీయించి, రంగులు వేయించి, మార్కులు వేసి, మళ్లీ ఆ పటం జోలికి పోకపోవడం. ఇది మరిచిపోవడానికి చేసిన ఏర్పాటు. పెద్దలు తెలిసి చేసిన ఏర్పాటు.

గుర్తున్నది కూడా వంకరగానే ఉంటుంది, అందుకూ మన పటాలే కారణం. దక్షిణ అమెరికా సరిగ్గా ఉత్తర అమెరికా కిందనే వేలాడుతున్నట్టు చాలామంది ఊహించుకుంటారు. నిజానికి అది దాదాపు మొత్తం ఫ్లోరిడాకు తూర్పున ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం నెవాడాకు పడమట ఉంది గనుక, కాలిఫోర్నియాలోని శాన్ డియాగో కూడా నెవాడాలోని రీనో ఊరికి పడమటే అనుకుంటారని 1978లో పరిశోధకులు చూపించారు. అసలు పడమట ఉన్నది రీనో. మనసు ఊళ్లను రాష్ట్రాల పెట్టెల్లో సర్దుకుంటుంది, విడివిడిగా చోటు గుర్తుపెట్టుకోదు. ఇక తరగతి గోడ మీద తరతరాలుగా వేలాడిన మెర్కేటర్ పటం నావికుల కోసం 1569లో గీసింది. అందులో గ్రీన్లాండ్, ఆఫ్రికా ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తాయి. వాస్తవంలో ఆఫ్రికా దానికి 14 రెట్లు. తమ ఖండాన్ని ఇన్నాళ్లు చిన్నగా చూపించారని, ఆ పటాన్ని మార్చాలన్న ఉద్యమానికి ఆఫ్రికా యూనియన్ 2025లో మద్దతు పలకాల్సి వచ్చింది. ఆఫ్రికాను అంత చిన్నది చేసి చూపించిన పటాన్ని గోడకు తగిలించినవాళ్లు, అది దేశమనుకున్న పిల్లవాణ్ణి చూసి నవ్వడమా!

ఇదంతా మార్కుల గొడవ అనుకునేవారి కోసం 2004 డిసెంబర్ 26న హిందూ మహాసముద్రంలో సునామీ వచ్చిన నాటి రెండు సంగతులు చెప్పాలి. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కు తల్లిదండ్రులతో సెలవులకు వచ్చిన పదేళ్ల బ్రిటిష్ బాలిక టిల్లీ స్మిత్, మాయ్ ఖావ్ తీరంలో సముద్రం నురగలు కక్కుతూ వింతగా ప్రవర్తించడం చూసింది. సునామీ వచ్చేముందు నీరు ఎలా ఉంటుందో ఆమె జాగ్రఫీ టీచర్ రెండు వారాల క్రితమే చెప్పారు. ఆ పిల్ల గోల చేసి చెప్పింది, పెద్దలు విన్నారు, తీరం ఖాళీ అయింది. వంద మంది దాకా బతికారు. ఒక పాఠం చేసిన పని అది.

అయితే ఆ పాఠం రెండు వారాల క్రితం కాకుండా పదేళ్ల క్రితం విన్నదైతే గుర్తుండేదా? దీనికి జవాబు ఇండోనేషియాలోని సిములూ దీవిలో ఉంది. 2004లో ఆ సునామీని లేపిన భూకంప కేంద్రానికి అతి దగ్గరగా ఉన్న దీవి అది. అక్కడ 1907లో వచ్చిన సునామీ ఎందరినో పొట్టన పెట్టుకుంది. అప్పటి నుంచి నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలని పెద్దలు పిల్లలకు కథలుగా, పాటలుగా చెబుతూనే వచ్చారు. ఆ ఉప్పెనను వాళ్లు 'స్మాంగ్' అంటారు. 97 ఏళ్ల తర్వాత నేల ఊగింది. జనం కొండలకు పరుగెత్తారు. దీవిలో దాదాపు 78 వేల మంది ఉంటే చనిపోయింది ఏడుగురు. ఆ పెద్దల్లో చాలామందికి పెద్ద చదువుల్లేవు, గోడపటాల్లేవు. పిల్లలకు గుర్తుండాల్సింది పిల్లలకు గుర్తుండేలా, విసుగు లేకుండా, తరం తర్వాత తరం చెప్పారు. చెప్పని తప్పును పిల్లల మీదకు నెట్టలేదు.

మన ఆధునిక పెద్దలు ఎంచుకున్న దారి వేరు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1948లో భూగోళ శాస్త్ర విభాగాన్నే ఎత్తేసింది. తర్వాత మరికొన్ని పేరున్న విశ్వవిద్యాలయాలు అదే బాట పట్టాయి. పెద్ద చదువుల్లోనే విలువ లేనిదానికి చిన్న బడి విలువ ఇస్తుందా? విభాగాలు పోతే టీచర్లు తయారుకారు. టీచర్లు లేకపోతే ఆ పాఠం ఎవరో ఒకరు పుస్తకం చూసి చదివేసేదిగా మారుతుంది. ఆ చదివేసే పాఠం విన్నవాళ్లే ఇప్పుడు పెద్దలై, వాళ్ల పిల్లల జ్ఞానాన్ని కొలుస్తున్నారు. ఇలా ఒక్కో మెట్టు దిగుతూ వచ్చినవారెవరూ దిగిన సంగతి ఒప్పుకోవడం లేదు.

చేయాల్సింది బ్రహ్మవిద్యేమీ కాదు. ఏటా ప్రతి తరగతిలోనూ తెల్లకాగితం ఇచ్చి ప్రపంచాన్ని చేత్తో గీయమనాలి. తప్పులు దిద్ది, కొన్ని నెలలకు మళ్లీ గీయించాలి. చదివింది తిరిగి చదవడం కంటే గుర్తు తెచ్చుకోవడమే జ్ఞాపకాన్ని గట్టి చేస్తుందని 2006లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాలు చెప్పాయి. వార్తల్లో ఒక దేశం పేరు వచ్చిన రోజే దాన్ని పటంలో వెతికించాలి. పత్రికలకూ ఇందులో బాధ్యత ఉంది. దూరదేశంలో యుద్ధం అని పెద్ద అక్షరాల్లో వేసి, పక్కన చిన్న పటం కూడా వేయని పత్రిక పాఠకుల అజ్ఞానం గురించి మాట్లాడకూడదు. ఈ మాట మాకూ వర్తిస్తుంది.

విద్యాశాఖలు, పాఠ్య ప్రణాళికలు రాసే కమిటీలు ఒక్కటి తేల్చుకోవాలి. భూగోళం ముఖ్యమనుకుంటే దానికి పీరియడ్లు, శిక్షణ పొందిన టీచర్లు, సరైన పటాలు ఇవ్వండి. ముఖ్యం కాదనుకుంటే ఆ మాట బహిరంగంగా చెప్పండి. పాఠం తీసేసి, ఆ పాఠంలోంచే ప్రశ్న అడిగి, రాలేదని పిల్లల్ని నలుగురిలో నిలబెట్టే ఈ దొంగాట మాత్రం ఇక చాలించండి. తల్లిదండ్రులకూ ఒక మాట. మీ ఇంట్లో పిల్లలకు ఉక్రెయిన్ ఎక్కడుందో తెలియదని వాపోయే ముందు మీరు చూపించండి. చేతకాకపోతే వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోండి.